బిల్డింగ్‌కి చీర కట్టాలంటే ముందు పడమటి ఎండను చూడాలి

మీరు అడిగింది ఇదీ: కొండాపూర్‌లో 600 గజాల ప్లాటు, పడమర రోడ్డు, స్టిల్ట్ మీద 5 అంతస్తులు. కింది రెండింట్లో చేనేత బట్టల షోరూమ్, పైన డిజైన్ స్టూడియో, ఆఫీసు. ఓనరుగారికి బిల్డింగ్ చూడగానే పోచంపల్లి చీర గుర్తుకు రావాలి. ఎలివేషన్ (బిల్డింగ్ బయటి ముఖం) కాంట్రాక్టరేమో ఇక్కత్ డిజైన్‌ను ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్ల మీద ప్రింట్ చేయించి బిగిద్దాం అంటున్నారు. మీకు అది నచ్చలేదు, కానీ బదులుగా ఏం చెప్పాలో తెలియడం లేదు. చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎలివేషన్ల పనే చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ప్రింట్ సంగతి తేల్చేద్దాం. వద్దు. పడమటి ఎండకు ప్రింట్ వెలిసిపోతుంది, అందులోనూ పోచంపల్లికి ప్రాణం లాంటి ఎరుపే తొందరగా పోతుంది. చవకలో దొరికే ఏసీపీలో రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఉండేది పాలిథిన్, మంట అంటుకుంటే అదే ఇంధనం అవుతుంది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు, మంట అంత వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణం అలాంటి షీట్లేనని విచారణలో తేలింది. లోపల అంతస్తుల నిండా బట్టలుండే బిల్డింగ్‌కి బయట ఇది తగిలించడం ఎంత మాత్రం మంచిది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ప్రింట్ మీ పడమటి గోడకు ఏ పనీ చేసిపెట్టదు అన్నది ఒక ఎత్తు.

బట్ట ఒంటి మీద పని చేస్తుంది. ఎండ ఆపుతుంది, గాలి ఆడనిస్తుంది, చూపు నుంచి మరుగు ఇస్తుంది, కదిలితే దారి ఇస్తుంది. బట్ట నుంచి ఎలివేషన్ తీసుకోవడం అంటే ఈ పనుల్లో మీ బిల్డింగ్‌కి ఏది కావాలో చూసి, బట్ట ఆ పనిని ఎలా చేస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టడం. ఇది కొత్త సంగతేమీ కాదు. గాట్‌ఫ్రీడ్ సెంపర్ అనే జర్మన్ ఆర్కిటెక్ట్ 1851లోనే మనిషి కట్టిన మొదటి గోడ రాతిది కాదు, అల్లిన చాప, తడిక అని వాదించాడు. బరువు మోసేది వేరు, చోటును చుట్టి ఉండేది వేరు అన్నాడు. మన ఊళ్ళల్లో తడికల ఇళ్ళు చూసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇప్పుడు మీరు కట్టబోయేది కూడా అదే, లోపల కాంక్రీట్ ఫ్రేమ్, గాజు, బయట ఒక తొడుగు.

బయటి దేశాల్లో బాగా కుదిరినవి చూస్తే ఒకటి గమనిస్తారు, ప్రతి దాంట్లోనూ బట్టకు సంబంధించి ఒక్క గుణాన్నే పట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో సెల్ఫ్రిడ్జెస్ స్టోర్ (2003) ఫ్యాషన్ డిజైనర్ పాకో రబాన్ చేసిన లోహపు బిళ్ళల గౌను నుంచి వచ్చింది, వంపులు తిరిగిన గోడ మీద 15,000 అల్యూమినియం బిళ్ళలు. నాటింగ్‌హామ్ కాంటెంపరరీలో (2009) ఆ ఊరి లేసు డిజైన్‌ను కాంక్రీట్ ప్యానెళ్ళలోనే అచ్చు పోశారు. సియోల్‌లో డియోర్ షాపు (2015) బట్ట వేలాడితే పడే మడతల్ని ఫైబర్‌గ్లాస్‌లో పట్టుకుంది. న్యూయార్క్‌లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ కట్టిన 8 స్ప్రూస్ స్ట్రీట్ (2011) 76 అంతస్తుల స్టీలు తెరలా ముడతలు పడుతుంది, కానీ దక్షిణం వైపు మాత్రం చదునుగా వదిలేశారు. నాకు ఆ చదును గోడ చాలా ఇష్టం, అన్ని వైపులా ముడతలు పెడితేనే బట్ట అవుతుందని లేదు.

మీకు దగ్గరగా పనికొచ్చేవి మాత్రం మన దేశంలోనివే. జైపూర్‌లో పెర్ల్ అకాడమీ, అది కూడా ఫ్యాషన్ కాలేజీయే, బయటి జాలీని (చిల్లుల తెరను) గోడకు అంటించకుండా 4 అడుగుల దూరంలో నిలబెట్టారు, ఆ సందులోనే వేడి చాలావరకు ఆగిపోతుంది. మన హైదరాబాద్‌లోనే ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా బృందం డిజైన్ చేసిన కేఎంసీ ఆఫీసు (2012) ఉంది. లోపల మామూలు కాంక్రీట్ ఫ్రేమ్, బయట పోత పోసిన అల్యూమినియం జాలీ, దాని మీద మొక్కల తొట్లు, మంచులా నీళ్ళు చిమ్మే ఏర్పాటు, మధ్యలో తోటమాలులు నడిచే దారి. ఆ మధ్య దారిని గుర్తుపెట్టుకోండి, కింద దాని గురించి మళ్ళీ మాట్లాడాలి.

ఇప్పుడు మీ గోడ. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో సాయంత్రం 5 గంటలకు సూర్యుడు ఆకాశంలో దాదాపు 22 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మీరు 2 అడుగుల సజ్జ వేసినా కిటికీ మీద అడుగు కూడా నీడ పడదు, మిగతా ఎండంతా నేరుగా లోపలి బట్టల మీదే. రంగు బట్టలు అమ్మే షాపుకి ఇది మామూలు నష్టం కాదు. పైగా అస్తమయం ఏడాదంతా ఒకచోట ఉండదు, మార్చి, సెప్టెంబర్ 21 ప్రాంతంలో సరిగ్గా పడమర, జూన్‌లో వాయవ్యం వైపు దాదాపు 25 డిగ్రీలు, డిసెంబర్‌లో నైరుతి వైపు అంతే. గోడకు నిటారుగా పొడుచుకొచ్చే ఫిన్లు (నిలువు రేకు పలకలు) పెడితే మార్చి సాయంత్రం సూర్యుడు వాటి మధ్య నుంచి తిన్నగా లోపలికి చూస్తాడు, అవి ఉన్నా లేనట్టే.

ఇక్కడే నేను చీర దగ్గరికి వెళ్తాను. కుచ్చిళ్ళు పోసి దోపినప్పుడు మడతలన్నీ ఒకే పక్కకు తిరిగి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే సందు కనపడదు, పక్కకు జరిగితే మడత లోపలి రంగు కనిపిస్తుంది. మీ పడమటి గోడకు కావలసింది సరిగ్గా ఇదే. 300 మి.మీ. వెడల్పున్న ఫిన్లను గోడకు 45 డిగ్రీలు తిప్పి, 200 మి.మీ.కి ఒకటి చొప్పున నిలువునా పెట్టారనుకోండి, ఒక్కొక్కటి ఎదురుగా వచ్చే చూపుకు దాదాపు 212 మి.మీ. కప్పుతుంది, అంటే పక్కదాని మీదికి కాస్త ఎక్కుతుంది, ఎదురెండకు సందు దొరకదు. ఏ పక్కకు తిప్పాలి? మార్చి నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రపు ఎండ పడమరకు ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టి వీపు వాయవ్యానికి పెట్టి, నైరుతి వైపు తెరుచుకునేలా తిప్పండి. చలికాలం సాయంత్రాల్లో కొంత ఎండ లోపలికి వస్తుంది, ఆ నెలల్లో అది భరించదగ్గదే, మరీ ఇబ్బందిగా ఉంటే లోపల తెర చాలు. ఓనరుగారు వాస్తు చూపించుకునేవారైతే ఈ దిశను ఇప్పుడే చూపించి ఒప్పించండి, ఫ్యాబ్రికేషన్ మొదలయ్యాక తిప్పమంటే ఎవరి వల్లా కాదు.

ఇలా తిప్పడంలో ఇంకో లాభం ఉంది. రోడ్డు మీద ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకు ఫిన్ల ముఖాలన్నీ కలిసి నిండు గుడ్డలా కనిపిస్తాయి, దక్షిణం నుంచి వచ్చేవాళ్ళకు వాటి మధ్య నుంచి షోరూమ్ లోపలి వెలుగు కనిపిస్తుంది. ఒకే బిల్డింగ్ రెండు వైపులా రెండు రకాలుగా పలుకుతుంది. ఇక మడత పెట్టిన రేకు చదును రేకు కన్నా ఎంతో గట్టిగా నిలుస్తుంది కాబట్టి ప్రతి ఫిన్ అంచునూ 30, 40 మి.మీ. వెనక్కి మడవండి. 2 మి.మీ. అల్యూమినియం షీటును చదునుగా వదిలేస్తే ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఉబ్బులు, సొట్టలు బయటపడతాయి, ఎంత ఖరీదైన రంగు వేసినా చవకగా కనిపిస్తుంది.

ఇక పోచంపల్లి. ఇక్కత్ ఎలా తయారవుతుందో దగ్గరుండి చూశారా? చూడకపోతే ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీదుగా ఒకసారి వెళ్ళి రండి, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అక్కడ డిజైన్‌ను ముందు గ్రాఫ్ పేపర్ మీద గళ్ళుగా గీస్తారు. ఆసు పోసిన (మేకుల చట్రానికి చుట్టిన) నూలును ఆ గళ్ళ లెక్కకు రబ్బరు ట్యూబు ముక్కలతో బిగించి కడతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ అద్ది, చివర్లో నేస్తారు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు దారాలు వెంట్రుక వాసి అటూ ఇటూ జరుగుతాయి, అందుకే ఇక్కత్ బొమ్మకు గీత గీసినట్టు అంచు ఉండదు, అలుక్కుపోయినట్టు ఉంటుంది. ఆ మసక అంచు లేకుండా డైమండ్ గళ్ళు ఎన్ని వేసినా అది ఇక్కత్‌లా కనిపించదు. ప్రింట్ ఏసీపీలో పోయేది ఇదే, కంప్యూటర్‌లో గీసిన గీత కత్తిలా వస్తుంది.

దీన్ని రేకులోకి ఎలా తేవాలి అంటే, పర్ఫొరేటెడ్ షీటులో రంధ్రాల మధ్య దూరాన్ని మార్చకండి, పడుగు పేకల్లా అదొక స్థిరమైన గడి. రంధ్రం సైజు మాత్రమే మార్చండి. 21 మి.మీ. గడిలో 6 మి.మీ. రంధ్రమైతే షీటులో 6 శాతం ఖాళీ, 9 అయితే 14 శాతం, 12 అయితే నాలుగో వంతు, 16 అయితే 45 శాతం దాకా. డిజైన్ మధ్యలో పెద్దవి పెట్టి, అంచు దగ్గర ఒక వరుసలో పదహారూ పన్నెండూ కలిపి, తర్వాతి వరుసలో పన్నెండూ తొమ్మిదీ కలిపి, అలా దిగిపోండి. వరుసలు సమానంగా దిగకూడదు, కొన్ని చోట్ల రెండు గళ్ళు ముందుకి, కొన్ని చోట్ల ఒకటి వెనక్కి, నేతలో దారం జరిగినట్టు. ఫ్యాబ్రికేటర్లు దీన్ని మామూలు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) పంచింగ్ మెషీన్ మీదే చేయగలరు, నాలుగు టూల్స్ చాలు. రంధ్రం వ్యాసం షీటు మందం కన్నా తక్కువ కాకుండా చూసుకోండి, లేకపోతే టూల్ విరుగుతుంది. ఎండ ఆపాల్సిన ఫిన్లు కాబట్టి మొత్తం మీద ఖాళీ నాలుగో వంతు దాటకపోతే మంచిదని నా అభిప్రాయం.

సైజుల గురించి ఇంకో మాట. మంచి చూపున్న కన్ను కూడా 100 మీటర్ల దూరం నుంచి దాదాపు 3 సెంటీమీటర్ల కన్నా చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. కాబట్టి దూరం నుంచి కారులో వచ్చేవాళ్ళకు మీ రంధ్రాలు ఒక్కటీ కనపడవు, లేత రంగు, ముదురు రంగు మాత్రమే కనిపిస్తాయి, అంటే పెద్ద బొమ్మ రెండు మూడు అంతస్తుల సైజులో ఉండాలి. ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాళ్ళకు ఒక్కో రంధ్రం కనిపిస్తుంది, అక్కడ పనితనం చూపించాలి. లోపల కూర్చున్న డిజైనర్‌కు అదే షీటు తెరలా ఉండాలి. ఈ మూడు దూరాలకూ మూడు డ్రాయింగులు వేయండి. నాలుగోది రాత్రిది. పగలు రేకు లేతగా, రంధ్రాలు నల్లగా ఉంటాయి, రాత్రి లోపల లైట్లు వేస్తే రంధ్రాలే వెలిగి బొమ్మ తిరగబడుతుంది. చాలామంది రాత్రి బొమ్మను వేసి చూడరు, ఓపెనింగ్ రోజు సాయంత్రం చూసి కంగారు పడతారు.

చీరకు ఒడలు (నడిమి భాగం) ఉంటుంది, అంచు ఉంటుంది, కొంగు ఉంటుంది. ఒడలు అంతా ఒకే లయలో పోతుంది, పని అంతా అంచు దగ్గర, కొంగు దగ్గర. మీ ఎలివేషన్‌లో కూడా డబ్బు, దృష్టి అక్కడే పెట్టండి: పై అంచు ఆకాశాన్ని తాకే చోటు, కింది అంచు, ప్రవేశం. కింద 4 మీటర్లలో అల్యూమినియం వద్దు, బైకులు తగులుతాయి, జనం చేతులు పడతాయి, అక్కడ గ్రానైట్ గానీ తాండూరు రాయి గానీ వేయండి. అప్పుడు రెండు వస్తువులు కలిసే గీత ఒకటి వస్తుంది. గద్వాల చీరలో నూలు ఒడలికీ పట్టు అంచుకీ మధ్య కలయికను ఎలా నేస్తారో చూడండి, ఆ కలయికను దాచరు, అదే చీరకు గుర్తింపు. మీరు కూడా రాయి ఆగి రేకు మొదలయ్యే చోట 50 మి.మీ. నీడ గీత వదిలి ధైర్యంగా చూపించండి, సిలికాన్ పూసి మూసేయకండి.

కలయికలు అందానికే కాదు, బతకడానికీ కావాలి. ముదురు రంగు రేకు మే ఎండలో చేయి పెట్టలేనంత కాలుతుంది, జనవరి తెల్లవారుజామున చల్లబడిపోతుంది, తేడా 50 డిగ్రీలు అనుకుంటే 3 మీటర్ల అల్యూమినియం ముక్క దాదాపు 3.5 మి.మీ. సాగి ముడుచుకుంటుంది. రెండు చివర్లా గట్టిగా బిగిస్తే ఎక్కడో ఒకచోట ఉబ్బుతుంది, లేదా బోల్టు దగ్గర చీలుతుంది, రాత్రుళ్ళు టప్ టప్ మని చప్పుడు కూడా చేస్తుంది. పై చివర గట్టిగా, కింది చివర పొడుగు రంధ్రంలో వదులుగా. ముక్కకీ ముక్కకీ మధ్య 10 మి.మీ. వదలండి. అల్యూమినియం ఇనుప బ్రాకెట్‌కి నేరుగా తగలకూడదు, మధ్యలో నైలాన్ గానీ ఈపీడీఎం (ఒక రకం రబ్బరు) గానీ వాషర్ ఉండాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాషర్ రూపాయల్లో వస్తువు, సైట్‌లో మొదట మిస్సయ్యేది కూడా అదే, కాబట్టి నిచ్చెన ఎక్కి మీ వేలితో తాకి చూడండి.

గాలి లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు పని, కానీ ఎంత సీరియస్సో మీకూ తెలియాలి. గాలి భారాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. దాని నుంచి వచ్చే ఒత్తిడి, ఇతర గుణకాలు కలపక ముందే, చదరపు మీటరుకు దాదాపు 118 కిలోలు. మూలల దగ్గర లాగే బలం ఇంకా ఎక్కువ. మే నెల గాలివానలకు ఈ ఊళ్ళో హోర్డింగులు ఏమవుతాయో చూస్తూనే ఉంటాం. రంధ్రాలున్నాయి కదా గాలి పోతుందిలే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎంత తగ్గించవచ్చో ఇంజినీరు రాసి ఇవ్వాలి.

ఇప్పుడు కేఎంసీ ఆఫీసులో చెప్పిన ఆ మధ్య దారి. ఫిన్లకీ గాజుకీ మధ్య మనిషి పట్టేంత, కనీసం 600 మి.మీ., సందు, ప్రతి అంతస్తులో గ్రేటింగ్ నడకదారి అడుగుతాను. ఓనర్లు ముందు ఇదే కొట్టేస్తారు, స్థలం పోతుందని. కానీ హైదరాబాద్ దుమ్ముకి, పక్కన కన్‌స్ట్రక్షన్ ఆగని కొండాపూర్ దుమ్ముకి, లోపలి గాజు నెలల్లోనే మట్టి రంగుకి వస్తుంది, మొదటి వానకి చారలు కడుతుంది. తుడిచే దారి లేకపోతే రెండేళ్ళకు మీ ఎలివేషన్ గురించి మాట్లాడుకునే మాటలు వేరే ఉంటాయి. 600 దొరకనే దొరకదంటే కొన్ని ఫిన్లను తలుపులా తెరుచుకునే ప్యానెళ్ళుగా చేయండి. ఈ లోతు సెట్‌బ్యాక్‌లోకి (ప్లాటు అంచు నుంచి వదలాల్సిన ఖాళీలోకి) వస్తుందా, ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నది ప్లాన్ పెట్టేటప్పుడే తేల్చుకోవాలి, తర్వాత కాదు.

పావురాల గురించి నిజంగా భయపడండి. ఈ ఊళ్ళో జాలీ వెనక ఖాళీ కనపడితే అది పావురాలదే. పైనా, కిందా, పక్కలా సందును స్టెయిన్‌లెస్ మెష్‌తో మూసేయండి, వాలడానికి అడ్డంగా చదునైన చోటు ఎక్కడా వదలకండి, బ్రాకెట్ పైభాగం కూడా వాలుగా ఉండాలి. ఫైర్ విషయంలో, ఆ సందే పొగగొట్టంలా పనిచేసి మంటను పై అంతస్తుకు లాగుతుంది కాబట్టి ప్రతి అంతస్తు స్లాబ్ దగ్గర అడ్డు ఉండాలి, ఫైర్ వాళ్ళు నిచ్చెన వేసి లోపలికి రావడానికి ప్రతి అంతస్తులో తెరుచుకునే ప్యానెల్ ఉండాలి. దీనికి ఫైర్ కన్సల్టెంట్ సంతకం లేకుండా ముందుకు వెళ్ళకండి.

నిజమైన బట్టే వేలాడదీస్తే ఏమని కూడా అడిగారు. జపాన్ ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ 1995లో టోక్యోలో ఒక ఇంటికి రెండంతస్తుల ఎత్తు తెల్ల కర్టెన్లే గోడగా పెట్టాడు, ఫొటోల్లో చూసినా మనసు తేలికపడుతుంది. దుబాయ్ బుర్జ్ అల్ అరబ్ ముందు భాగం టెఫ్లాన్ పూసిన గ్లాస్ ఫైబర్ గుడ్డే. కానీ బిల్డింగ్ మీద బట్ట నిలవాలంటే రెండు దిక్కులా టెన్షన్‌లో, ఎదురెదురు వంపుల్లో లాగి ఉండాలి, చదునుగా కడితే గాలికి కొట్టుకుని అంచుల దగ్గర చిరుగుతుంది. మీ బడ్జెట్‌కి, 5 అంతస్తుల పడమటి గోడకి అది సరిపోదు. ప్రవేశం మీద ఒక చిన్న గుడ్డ పందిరి వేయండి, ఆ సరదా అక్కడ తీరుతుంది. ఎండను బట్టి తెరుచుకుని మూసుకునే తెరలు, అబుదాబి అల్ బహర్ టవర్లలో ఉన్నట్టువి, మన దుమ్ములో నేను సిఫారసు చేయను.

రంగు: పాలిపోయిన తెలుపు ఫిన్లు, గాజు వైపు తిరిగిన లోపలి ముఖం మాత్రం ఎరుపు. కుచ్చిళ్ళ లోపలి రంగులా పక్క నుంచి మాత్రమే కనిపిస్తుంది, ఆ ముఖం మీద వేసవి సాయంత్రపు ఎండ తక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. మామూలు పౌడర్ కోటింగ్ కాదు, పీవీడీఎఫ్ (ఎండకు ఎక్కువ ఆగే పూత) అడగండి, ఎరుపులో ఐరన్ ఆక్సైడ్ ఛాయలు ఎంచుకోండి, మెరిసే ఎరుపులకన్నా అవి ఎండకు ఆగుతాయి.

ఒక్క విషయం పట్టుబట్టి చెప్తాను. డిజైన్‌ను నెట్‌లోంచి తీసుకోకండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచే జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, అది రేకు ప్యానెళ్ళకు వర్తించకపోవచ్చు, కానీ ఒక నేతకారుడి గ్రాఫ్ పేపర్ మీది పని మీద మీ బిల్డింగ్ నిలబడుతున్నప్పుడు ఆయనకు డిజైన్ ఫీజు ఇవ్వడం, ప్రవేశం దగ్గర ఆయన పేరు రాయడం న్యాయం. పైగా పని కూడా బాగుపడుతుంది. గడి మీద బొమ్మ ఎక్కడ మసకబారాలో వాళ్ళ చేతికి తెలిసినంతగా మనకు సాఫ్ట్‌వేర్‌లో దొరకదు. వాళ్ళను ఆఫీసుకి పిలిచి ఆ రంధ్రాల గడి ప్రింట్ చేసి పెన్సిల్ ఇవ్వండి చాలు. వీలైతే ఆ వారంలోనే ఒక సాయంత్రం సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులకు వెళ్ళి, జాలీల్లోంచి ఏటవాలు వెలుగు నేల మీద ఎలా పడుతుందో కూర్చుని చూడండి.

ఆర్డర్ ఇచ్చే ముందు 3 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు ముక్క ఒకటి అసలు సైజులో చేయించి సైట్‌లో పడమటి వైపే నిలబెట్టండి. మధ్యాహ్నం 3 నుంచి చీకటి పడేదాకా ఓనరుగారిని వెనక కూర్చోబెట్టండి, తర్వాత పైపుతో నీళ్ళు కొట్టి ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి, లోపల లైటు పెట్టి రోడ్డు అవతల నుంచి చూడండి. దానికయ్యే ఖర్చు కొటేషన్‌లో మొదటి లైనుగా రాయించండి, లేకపోతే చివర్లో ఎగ్గొడతారు.

ప్లాటు సరిగ్గా పడమరకే ఉందా, పది పదిహేను డిగ్రీలు తిరిగి ఉందా అన్నది మీరు రాయలేదు. 45 డిగ్రీల లెక్క దాని మీదే ఆధారపడుతుంది. దిక్సూచి పెట్టి చూసి, ఫ్లోర్ హైటు, ఎదురుగా ఉన్న బిల్డింగ్ ఎత్తు కూడా కలిపి రాయండి, ఫిన్ల సైజు సరిచేసి చెప్తాను.